కలపాల్సింది పరిశోధనల్ని, మనుషుల్ని కాదు

పోస్టు పెద్దదే. తీరిగ్గా ఉన్నప్పుడు చదవండి, కానీ చివరిదాకా చదవండి. చివర్లో మీకు ఒక పని చెప్పబోతున్నాం.

పోయిన సెలవుల్లో మా కాలనీలో డిగ్రీ చదివే చెల్లెలికి కాలేజీలో ప్రాజెక్టు ఇచ్చినారు. సబ్జెక్టు తనే ఎంచుకుంది: యానాది ఆడపిల్లల చదువు. ఫోన్లో వెతికి, వచ్చింది చదివి, మా దగ్గరికి తెచ్చింది. "అన్నా, మనం అడవిలో ఉంటామంట, ఎలకలు పట్టుకుని బతుకుతామంట, మన ముక్కు ఎంత వెడల్పుందో కూడా రాసినారు. ఇది ఎప్పుడు రాసింది?" అని అడిగింది. వెనక్కి పోయి చూస్తే ఆ మాటలకు మూలం 1909లో మద్రాసులో అచ్చయిన పుస్తకం. మద్రాసు మ్యూజియం సూపరింటెండెంట్ ఎడ్గర్ థర్‌స్టన్, రంగాచారి సాయంతో రాసిన 'దక్షిణ భారత కులాలూ తెగలూ', ఏడు సంపుటాలు. యానాదుల గురించి ఏడో సంపుటంలో ఉంది. కాపీరైటు ఎప్పుడో అయిపోయింది కాబట్టి ఏడూ ఇంటర్నెట్లో ఉచితంగా దొరుకుతాయి. అందుకే ఎవరు ఏం అడిగినా ముందు అదే వస్తుంది. ఇప్పుడు ఏఐ యంత్రాలు కూడా దొరికింది చదువుకునే నేర్చుకుంటాయి. సులభంగా దొరికేది అదే.

మరి తర్వాత ఎవరూ రాయలేదా? రాసినారు. యానాదుల కోసం పనిచేసిన వెన్నెలకంటి రాఘవయ్య గారు 1962లో 'ది యానాదీస్' అని ఒక పుస్తకమే తెచ్చినారు. ఎన్. సుధాకరరావు గారి పుస్తకం 2002లో వచ్చింది. తిరుపతి ఎస్వీ యూనివర్సిటీలో, విశాఖ ఆంధ్రా యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ వాళ్లు దశాబ్దాలుగా మన కాలనీల మీద ఎంఫిల్‌లు చేసినారు, పీహెచ్‌డీలు చేస్తానే ఉన్నారు. గిరిజన పరిశోధన సంస్థ రిపోర్టులున్నాయి. అంటే మన గురించి రాసింది తక్కువేం కాదు. రాసింది ఒకదానికొకటి తగలకుండా ఉండాది. అదే అసలు సమస్య.

మేము నలుగురం, ఇద్దరు యానాది పిల్లలం, ఇద్దరు ఎరుకల పిల్లలం, ఒక నోటు పుస్తకం పెట్టుకుని దొరికినవన్నీ రాసుకుందామని కూర్చున్నాం. మూడు చోట్ల తట్టుకున్నాం.

మొదటిది పేరు. తెలుగులో యానాది అంటే అయిపోయింది. ఇంగ్లీషులో థర్‌స్టన్ మొదటి అక్షరం 'వై' తర్వాత 'ఏ' పెట్టినాడు. షెడ్యూల్డ్ తెగల జాబితాలో 'వై' తర్వాత 'ఈ' ఉంది, అంటే 'యెనాదీస్'. దాని కిందే చెల్లా యెనాది, కప్పల యెనాది, మంచి యెనాది, రెడ్డి యెనాది అని ఉన్నాయి. ఒక స్పెల్లింగు కొడితే రెండో స్పెల్లింగుతో రాసింది రాదు. ఎరుకల వాళ్ల సంగతి ఇంకా చిక్కు. థర్‌స్టన్ వాళ్ల గురించి రాసింది ఎక్కువగా కొరవ అనే పేరు కింద. జాబితాలో ఎరుకుల, కొరచ, దబ్బ ఎరుకుల, కుంచపురి ఎరుకుల, ఉప్పు ఎరుకుల అని ఉంది. ఎరుకల పిల్ల తన తాతల గురించి వెతుక్కోవాలంటే ముందు తనకి ఎన్ని పేర్లు పెట్టినారో తెలుసుకోవాల.

రెండోది ఊరు. 'నెల్లూరు జిల్లా యానాదులు' అని ఒక థీసిస్ పేరు ఉందనుకోండి. ఏ నెల్లూరు? 1970 దాకా కందుకూరు వైపు చాలా ప్రాంతం నెల్లూరులోనే ఉంది. ఆ ఏడాది ఒంగోలు జిల్లా విడిపోయింది, 1972లో దానికి ప్రకాశం అని పేరు పెట్టినారు. 2008లో మన జిల్లా శ్రీ పొట్టి శ్రీరాములు నెల్లూరు అయింది. 2022 ఏప్రిల్లో కందుకూరు మనలోకి వచ్చింది, సూళ్లూరుపేట, శ్రీహరికోట తిరుపతి జిల్లాలోకి పోయినాయి. శ్రీహరికోట యానాదుల మీద పాత రచనల్లో అంతా నెల్లూరు అనే ఉంటుంది. ఈరోజు తిరుపతి జిల్లా గిరిజనుల గురించి వెతికే పిల్లోడికి అవి కనపడవు. అంతెందుకు, మన బోగోలు మండలంలోనే రైలు బిట్రగుంట వేరు, గుడి ఉండే కొండబిట్రగుంట వేరు. ఉత్తరాన జరుగుమల్లి మండలంలో ఇంకో బిట్రగుంట ఉంది.

మూడోది ఫాంటు. పాత తెలుగు థీసిస్‌లు చాలామటుకు అను ఫాంట్లలో డీటీపీ చేసినవి, లేదంటే కాగితాన్ని ఫొటో తీసినట్టు స్కాన్ చేసినవి. కంటికి తెలుగే. కంప్యూటర్‌కి మాత్రం అది అర్థం లేని అక్షరాల కుప్ప, లేదా ఒక బొమ్మ. శోధగంగలో దేశంలోని పీహెచ్‌డీలు లక్షల్లో ఉన్నాయి, ఒక్కోదానికి చెదరని నెంబరు కూడా ఇస్తారు. చాలా మంచి పని. కానీ లోపల ఉన్న తెలుగు మాట వెతుకులాటకి అందకపోతే, పైన టైపు చేసిన నాలుగు కీవర్డులే దిక్కు. ఆ కీవర్డు ఎవరు ఏ స్పెల్లింగుతో కొట్టినారో వాళ్లకే తెలియాల.

ఈ మూడు చిక్కులకీ మందు ఉంది. దాని పేరు సెమాంటిక్ వెబ్. పేరు చూసి భయపడొద్దు. బిట్రగుంట పిల్లలకి దీన్ని చెప్పడం చాలా సులభం.

మనది రైళ్ల ఊరు. స్టీమింజన్ల కాలంలో ఇక్కడి లోకోషెడ్డు పేరు తెలియని రైల్వే మనిషి లేడు. గూడ్స్ బండి పోతుంటే చూడండి, ప్రతి పెట్టె మీద 11 అంకెల నెంబరు రాసి ఉంటుంది. అందులో పెట్టె రకం, ఏ రైల్వేది, ఏ సంవత్సరం చేసింది అన్నీ ఉంటాయి. బొగ్గు పెట్టె అని పిలిచినా, ఇంకేమని పిలిచినా నెంబరు మారదు. మన స్టేషన్ కూడా అంతే. బిట్రగుంట పేరు ఎవరు ఎట్లా రాసినా టికెట్ మీద బీటీటీఆర్. ఇక పెట్టెకి పెట్టెకి మధ్య కప్లింగ్ ఉంటేనే అది బండి అవుతుంది. లేకపోతే యార్డులో నిలబడ్డ పెట్టెలే.

సెమాంటిక్ వెబ్ చెప్పేది ఈ రెండే. ఒకటి, ప్రతి వస్తువుకీ చెదరని నెంబరు ఇవ్వాలి: పుస్తకానికి, రాసిన మనిషికి, ఊరికి, తెగకి. రెండు, వాటి మధ్య సంబంధం ఏందో కంప్యూటర్‌కి అర్థమయ్యేట్టు రాయాలి. 'ఈ పుస్తకం, ఎవరి గురించి, యానాదులు.' 'యానాది, ఇంకో పేరు, యెనాది.' 'శ్రీహరికోట, 2022 దాకా ఉన్న జిల్లా, నెల్లూరు.' ఇట్లా మూడేసి ముక్కల మాటలు. వరల్డ్ వైడ్ వెబ్‌ని కనిపెట్టిన టిమ్ బెర్నర్స్‌లీయే 2001లో మరో ఇద్దరితో కలిసి ఈ ఆలోచన గురించి రాసినాడు, 2006లో దానికి నాలుగు సూత్రాలు పెట్టి లింక్డ్ డేటా అన్నాడు. పరిశోధన లోకంలో ఇది మామూలైపోయింది. పేపర్‌కి డీఓఐ అని ఒక నెంబరు. రాసినాయనకి ఆర్కిడ్ అని 16 అంకెల నెంబరు. ఆ రెండూ కలిపితే ఒకే పేరున్న పది మంది రెడ్డిగార్లలో ఇది ఎవరు రాసిందో తేలిపోతుంది. అదే శ్రీహరికోట చూడండి. 1971 నుంచి అక్కడ ఎగిరే రాకెట్ల మీద ఒక పేపర్ పట్టుకుంటే దాని వెనకాల వంద పేపర్లు దారం పట్టుకుని వస్తాయి. ఆ దీవిలో అంతకుముందు నుంచీ ఉన్న యానాదుల మీద రాసింది మాత్రం ఒక్కోటి ఒక్కో బీరువాలో ఉంటుంది.

తెలుగులో ఇది సాధ్యమా అని అడుగుతారు. అయ్యింది కూడా. ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ దగ్గర అగ్రోవాక్ అని ఒక మాటల పట్టీ ఉంది. వ్యవసాయానికి సంబంధించిన ఒక్కో భావానికి ఒక్కో నెంబరు, దాని కింద పదుల కొద్దీ భాషల్లో పేర్లు. అందులో తెలుగు కూడా ఉంది. మన నెల్లూరోళ్లు శెనక్కాయలు అంటారు, తెలంగాణలో పల్లీలు, పుస్తకాల్లో వేరుశనగ. పేర్లు మూడైనా భావం ఒకటే, కాబట్టి నెంబరు ఒకటే. అన్ని పేర్లూ దాని కింద రాసుకోవచ్చు. హైదరాబాద్ పక్కన పటాన్‌చెరులో ఉండే ఇక్రిశాట్, ఐఐటీ కాన్పూర్‌తో కలిసి 2009లో అగ్రోపీడియా అని మొదలుపెట్టింది కూడా ఇట్లాంటి ఆలోచనతోనే, వ్యవసాయ సమాచారాన్ని మాట ఆధారంగా కాకుండా భావం ఆధారంగా కలపాలని. శెనక్కాయకి దక్కిన ఏర్పాటు యానాదికీ ఎరుకలకీ ఎందుకు దక్కకూడదు?

ఇంకో దేశం సంగతి. ఆస్ట్రేలియా ఆదివాసీ భాషల పేర్లు కూడా మన పేర్లలాగే, ఒక్కోటి పది రకాల స్పెల్లింగులు. అక్కడ ఆస్ట్లాంగ్ అని ప్రతి భాషకీ ఒక కోడ్ ఇచ్చినారు. 2019లో, అంటే ఆదివాసీ భాషల అంతర్జాతీయ సంవత్సరంలో, దేశవ్యాప్తంగా లైబ్రరీల వాళ్లు కూర్చుని తమ దగ్గరున్న పుస్తకాల వివరాల్లో ఆ కోడ్‌లు చేర్చినారు. కొత్త పుస్తకాలు రాయలేదు. ఉన్నవాటికే కప్లింగ్ వేసినారు.

ఇంతవరకు చెప్పింది వింటే, ఇంకేం, అన్నీ కలిపేద్దాం అనిపిస్తుంది. మాకూ అట్లానే అనిపించింది. కప్పరాళ్ళతిప్ప వైపు నుంచి వచ్చే ఒక పెద్దాయన దగ్గర ఈ మాట ఎత్తితే ఆయన అంతా విని ఒక్క మాటన్నాడు. "లిస్టులు రాయడం మాకు కొత్తేం కాదబ్బయా. మా తాతకీ ఒక నెంబరుండేది."

మేము గమ్మునైపోయినాం. ఈ ముక్క తెలియని తమ్ముళ్ల కోసం చెబుతున్నాం. 1871లో బ్రిటిష్ వాళ్లు నేర తెగల చట్టం తెచ్చినారు. 1911 చట్టంతో అది మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. పుట్టుకతోనే దొంగలని ముద్ర వేసి ఎరుకల వాళ్లని, కొన్నిచోట్ల యానాదులనీ రిజిస్టర్లోకి ఎక్కించినారు. పేరు, వేలిముద్రలు, ఊరు. హాజరు పలకాలి. ఊరు దాటాలంటే పాసు ఉండాలి. స్టువర్టుపురం, సీతానగరం, సిద్ధాపురం సెటిల్‌మెంట్ల పేర్లు మీరు విని ఉంటారు. మన బిట్రగుంట పక్కన కప్పరాళ్ళతిప్ప కూడా అట్లాంటి సెటిల్‌మెంటే. మద్రాసు రాష్ట్రంలో ఆ చట్టం 1947లో పోయింది, దేశమంతటా 1952 ఆగస్టు 31న రద్దయింది. చట్టం పోయినా పేరు పోలేదు. ఆ ఊరి పేరు చెబితే ఇప్పటికీ కొందరు ఎట్లా చూస్తారో ఇక్కడోళ్లకి తెలుసు.

ఇప్పుడు నింపాదిగా ఆలోచించండి. మనిషికి ఒక నెంబరు. నెంబరుకి వేలిముద్ర. వేలిముద్రకి ఊరు. ఊరికి స్టేషన్. అన్నీ ఒకదానికొకటి కలిపి ఉంచిన చిట్టా. అది కంప్యూటర్లు రాకముందటి లింక్డ్ డేటా కాక ఇంకేంది? కలపడం అనే పనిలో మంచీ చెడూ లేవు. ఏం కలుపుతున్నారు, తాళంచెవి ఎవరి చేతిలో ఉంది అనేదాన్ని బట్టే ఉంటుంది.

ఇది పాత కథ కాదు. సర్వేకి వచ్చేవాళ్లు "పేర్లు రాయం, భయం లేదు" అంటారు. ముప్పై ఇళ్ల కాలనీలో పేరు రాయకపోతే ఏం దాగుతుంది? ఒక సర్వేలో '52 ఏళ్ల వితంతువు, రెండు మేకలు' అని ఉంటుంది. ఇంకో ఆరోగ్య సర్వేలో అదే కాలనీలో అదే వయసు వితంతువుకి ఉన్న జబ్బు ఉంటుంది. రెండూ విడివిడిగా ఉన్నంతకాలం ఎవరికీ తెలియదు. రెండిటినీ కలిపిన రోజు ఊరందరికీ తెలుస్తుంది అది ఎవరో. నగరంలో పది వేల మందిలో దాక్కునే మనిషి, చిన్న కాలనీలో రెండు లింకులకే దొరికిపోతాడు. మన రక్త నమూనాలు తీసుకుపోయినవాళ్లూ ఉన్నారు. అవి ఏ పట్టికలో చేరినాయో మనకు చెప్పినవాళ్లు లేరు.

ఆకు మందుల సంగతి ఇంకోటి. మన అవ్వలు చెప్పిన ఆకు పేరు, ఏ నొప్పికి ఎట్లా నూరాలో పేపర్లో అచ్చయిపోతుంది. రాసినవాళ్లకి డీఓఐ ఉంటుంది, ఆర్కిడ్ ఉంటుంది. చెప్పిన అవ్వ 'స్థానిక సమాచారదాత' అయిపోతుంది. కేరళలో కాణి గిరిజనులు 1987లో శాస్త్రవేత్తలకి ఆరోగ్యపచ్చ అనే మొక్క చూపించినారు. దాని నుంచి జీవని అనే మందు తయారు చేసినారు. 1995లో ఒక కంపెనీకి లైసెన్సు ఇచ్చినప్పుడు వచ్చే సొమ్ములో కాణీలకు వాటా పెట్టినారు, 1997లో వాళ్ల ట్రస్టు ఏర్పడింది. అందులోనూ లోటుపాట్లు ఉన్నాయని చాలామంది రాసినారు. అయినా ఒకటి మాత్రం నిజం. ఎవరు చెప్పినారో తెలిసింది కాబట్టే వాటా అనే మాట వచ్చింది. అంటే లింకు లేకపోయినా మనకి నష్టమే, లేకూడని చోట ఉన్నా నష్టమే.

అందుకని మా అభిప్రాయం ఇది. కలపాల్సింది పరిశోధనల్ని, మనుషుల్ని కాదు. పుస్తకం, థీసిస్, రిపోర్టు, పేపర్, వాటిలో వచ్చే తెగ పేర్లు, ఊర్ల పేర్లు, ఇవన్నీ గట్టిగా కలపాలి, అందరికీ తెరిచి పెట్టాలి. మన ఇళ్లు, మన ఒళ్లు, మన జబ్బులు, మన మందులు అట్లా తెరవడానికి వీల్లేదు. అవి తెరవాలా వద్దా, ఎవరికి, ఎంతవరకు అనేది కాలనీ కూర్చుని చెప్పాలి.

ఇది మా నలుగురి తిక్క కాదు. 2016లో శాస్త్రవేత్తలు ఫెయిర్ అని సూత్రాలు రాసినారు: డేటా దొరకాలి, అందాలి, కలవాలి, మళ్లీ వాడుకోవడానికి పనికిరావాలి అని. అందులో మనుషుల హక్కు సంగతి లేదని ఆదివాసీ పరిశోధకులే 2019లో కేర్ అని ఇంకో నాలుగు సూత్రాలు చేర్చినారు: సమాజానికి మేలు, సమాజం చేతిలో అధికారం, బాధ్యత, నీతి. ఆఫ్రికాలో శాన్ అనే వేట తెగ వాళ్లు 2017లో తమ దగ్గరికి వచ్చే పరిశోధకులకి తామే నియమావళి రాసి చేతిలో పెట్టినారు. వాళ్ల మీదా మన మీద రాసినట్టే వందేళ్లుగా రాస్తున్నారు మరి. రాసుకునేవాళ్లకి షరతు పెట్టేదాకా వాళ్లు వచ్చినారు. మనం ఇంకా కాపీ ఒకటి ఇవ్వండి సార్ అని అడిగే దగ్గరే ఉన్నాం.

కొందరు అన్నలు అంటారు, "ముందు ఇళ్ల పట్టాలు, కుల సర్టిఫికెట్లు, హాస్టల్ సీట్లు చూడండ్రా, ఈ నెంబర్ల గోల ఎందుకు" అని. అన్నా, ఆ మాట కాదనం. కానీ పట్టా కోసం పోయినా, సర్టిఫికెట్ కోసం పోయినా ఆఫీసులో అడిగేది కాగితమే కదా. ఫలానా చెరువు గట్టున మనోళ్లు యాభై ఏళ్ల కిందటి నుంచీ ఉన్నారని ఒక థీసిస్‌లో ఉండి, అది మనకి దొరకకపోతే, లేనట్టే. 2011 జనాభా లెక్కల్లో ఉమ్మడి రాష్ట్రంలో యానాదులు ఐదు లక్షలకు పైన ఉన్నారు. ఇంతమంది గురించి ఒక యంత్రాన్ని అడిగితే 1909 నాటి ముక్కు కొలతలు చెబుతోందంటే, అది చదువుకున్న మన అందరికీ సిగ్గుచేటు. పాత పుస్తకం తీసేయమని మేము అడగడం లేదు. అది ఎప్పటిదో, ఎవరు ఏ ఉద్దేశంతో రాసినారో దాని పక్కనే రాసి ఉండాలి. దాని తర్వాత వచ్చినవి దానికి కలిసి ఉండాలి. 'నేర తెగ' అనే మాట ఎక్కడైనా మన పేరు పక్కన కనపడితే, ఆ లింకులోనే '1952 దాకా ఉన్న చట్టం వేసిన ముద్ర' అని ఉండాలి. అంతే మేము అడిగేది.

ఇప్పుడు పని. వికీడేటా అని 2012లో మొదలైంది ఒకటి ఉంది. ప్రతి విషయానికీ అందులో క్యూతో మొదలయ్యే నెంబరు ఉంటుంది, దాని కింద ఏ భాషలోనైనా పేర్లు చేర్చవచ్చు, ఎవరైనా చేర్చవచ్చు. ఫోన్ చాలు.

ఒకటి. మీ తెగకి ఉన్న అన్ని పేర్లూ, అన్ని స్పెల్లింగులూ, ఇంట్లో పెద్దోళ్లని అడిగి రాయండి. అవమానంగా పిలిచే పేరు ఏదైనా ఉంటే అది అవమానమని కూడా రాయండి. మేము యానాది, ఎరుకల మొదలుపెట్టినాం. చెంచు, సుగాలి, నక్కల, కోయ, సవర పిల్లలు మీ మీ వాటికి చేయండి.

రెండు. మీ యూనివర్సిటీ లైబ్రరీలో మన మీద ఉన్న థీసిస్‌ల పేరు, సంవత్సరం, ఏ ఊర్లో చేసినారు, ఈ మూడూ నోటు చేయండి. లోపలిది ఫొటోలు తీయొద్దు. పేరు, ఊరు, సంవత్సరం చాలు. ఊరి పేరు పక్కన అప్పటి జిల్లా, ఇప్పటి జిల్లా రెండూ రాయండి.

మూడు. పీజీ, పీహెచ్‌డీ చేస్తున్న అన్నలూ అక్కలూ, మీ థీసిస్ యూనికోడ్ తెలుగులో పెట్టండి. ఒక పేజీ సారాంశం తెలుగులో రాసి, చేసిన ఊర్లోనే చదివి వినిపించండి. ఆర్కిడ్ నెంబరు ఉచితం, తీసుకోండి. మన గురించి మనోళ్లు రాసింది ఎవరో వేరే వాళ్ల ఖాతాలో పడకుండా ఉంటుంది.

నాలుగు, అన్నిటికంటే ముఖ్యం. ఈ నాలుగూ ఎక్కడా రాయొద్దు: ఎవరి ఇంటి వివరాలు, జబ్బులు, ఆకు మందులు, కేసులు. వికీడేటాలో ఒకసారి పెట్టింది ప్రపంచంలో ఎవరైనా ఏ షరతూ లేకుండా వాడుకోవచ్చు. వెనక్కి తీసుకోవడం మన చేతిలో ఉండదు. సందేహం వస్తే రాయకండి, ముందు అడగండి.

ఆ పెద్దాయనకి మా నోటు పుస్తకం మళ్లీ చూపించినాం. చదవడం రాదు, పేజీలు తిప్పి చూసినాడు. "ఇందులో మనుషుల పేర్లున్నాయా?" అని అడిగినాడు. లేవు తాతా, పుస్తకాల పేర్లే అన్నాం. "అయితే రాసుకోండి" అన్నాడు.

చెల్లెలి ప్రాజెక్టు అయిపోయింది. మూలాల్లో థర్‌స్టన్ కూడా ఉన్నాడు, కానీ మొదట కాదు, ఐదోవాడు. మొదటి నాలుగూ మేమంతా కలిసి వెతికి పట్టుకున్నవి. మిగతావి మీ మీ ఊర్లలో, మీ మీ లైబ్రరీల్లో ఉన్నాయి. దసరా సెలవులకి ఇంటికి వచ్చేలోపు ఒక్కొక్కరు ఐదేసి చొప్పున రాసుకుని రండి. అందరం కూర్చుని కలుపుదాం.

జై ఆదివాసీ. జై భీమ్.